దుర్గాభవాని ముక్కు

నా మనవరాలు దుర్గాభవానికి చిన్నప్పుడు ఉన్నంత ముక్కు గంజాం జిల్లాలో ఇంకెవరికీ ఉండేది కాదు. ఆకారం సంగతి కాదు, పనితనం సంగతి. వాళ్ళ నాన్న బరంపురం రైల్వే స్టేషన్‌లో పార్సిల్ గుమాస్తా. లంజిపల్లిలో వాళ్ళింటికి చుట్టాలెవరొచ్చినా ఈ పిల్ల ముందు వాళ్ళ సంచీ వాసన చూసి, ఆ తరవాత మనిషిని పలకరించేది. "విశాఖ పాసింజరుకొచ్చేరు. పక్కన ఎండుచేపల బుట్టుంది," అనేది. ఒకసారి మా వియ్యపురాలి చెల్లెలు బస్సులో వచ్చి, ఏసీ పెట్టెలో వచ్చానని కోతలు కోసింది. పిల్ల ఆవిడ కొంగు వాసన చూసి, బస్సు డీజిలని నలుగురిలో తేల్చేసింది. ఆవిడ మళ్ళీ రెండేళ్ళు ఈ గడప తొక్కలేదు. ఇందులో నేను కలిపింది కాస్త ఉండొచ్చు. ముక్కు మాత్రం నిజం.

ముక్కు కంటే ఆ పిల్ల ప్రశ్నలే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి. ఓ రోజు కాఫీపొడి డబ్బా మూత తీసి మరిచిపోయింది దీని తల్లి, మా అమ్మాయి సత్యభామ. మర్నాటికి పొడిలో వాసన చచ్చింది. దుర్గాభవాని డబ్బాలోకి తొంగిచూసి అడిగింది: "పొడి తగ్గనేదు గదా తాతా. మరి పోయిందేటి?"

కాన్వెంటులో ఐరిష్ సిస్టర్ల దగ్గర చదువుకున్నవాణ్ణి, నాకు తెలియదని ఒప్పుకోవడం వాళ్ళు నేర్పలేదు. వాసనకి చిన్న చిన్న కాళ్ళుంటాయని, మూత తీస్తే గోడెక్కి కిటికీలోంచి దిగిపోతుందని చెప్పాను. పిల్ల ఆ పూటంతా కిటికీ దగ్గర కాపలా కూర్చుంది. పెద్దదై కెమిస్ట్రీ ఎమ్మెస్సీ పాసైన రోజున నా దగ్గరికొచ్చి, "కాళ్ళు నేవు గానీ తాతా, నడవడం మాత్రం నిజమే," అంది.

ఇక మొగలిపువ్వు సంగతి. ఛత్రపురం దగ్గర్నుంచి సముద్రం వెంబడే ఇసక నేలల్లో పొలం గట్లకి కంచెలా మొగలిపొదలుంటాయి. వానాకాలంలో వేకువనే పువ్వు కోసి భట్టీలకి తోలతారు. భట్టీ అంటే పెద్ద రాగి డేగిసా, దాని కింద మంట, దానికో వెదురు గొట్టం, గొట్టం చివర నీళ్ళతొట్టిలో కూర్చున్న ఇంకో రాగి బుడ్డి. డేగిసాలో పువ్వు ఉడుకుతుంది, ఆవిరి గొట్టంలోంచి వెళ్ళి బుడ్డిలో చల్లారుతుంది. అత్తరు కావాలంటే బుడ్డిలో ముందే చందన నూనె పోసి ఉంచుతారు. మొగలిపొదలో తాచుపాము ఉంటుందని అందరూ చెబుతారు. నేనైతే రెండు తాచులు ఎదురెదురుగా కూర్చుని చీట్లాడుకోవడం చూశాను. అది వేరే కథ.

దుర్గాభవాని పెదనాన్న అసిరయ్య పురుషోత్తంపూర్ దగ్గర వ్యవసాయం చేస్తాడు. తీరంలో మొగలి ఉన్నవాళ్ళ దర్జా చూసి, అక్కణ్ణుంచే కొమ్మలు తెచ్చి తన గట్ల మీద నాటాడు. పొదలు ఏపుగా పెరిగాయి, పువ్వు తెల్లగా విచ్చింది. ఏ భట్టీవాడూ కొనలేదు. "పువ్వొచ్చింది గానీ, దాంతోపాటు వాసన రానేదు," అని తిప్పి పంపేశారు. లోపలి నేలల మొగలి అంతేనని తీరంలో అందరూ అంటారు.

అసిరయ్య మాత్రం ఒప్పుకోడు. "వాసనెందుకు నేదు? ఆళ్ళ ముక్కుల్లో ఉంది కుళ్ళు," అంటాడు.

దుర్గాభవానికి ఈ గొడవ పట్టుకుంది. తల్లికొమ్మ అదే, పువ్వు అదే, మరి వాసన మధ్యలో ఏ స్టేషన్లో దిగిపోయింది? అసలు దిగిపోయిందా, లేక భట్టీవాళ్ళ మాటేనా? ఇదే పరిశోధన చేస్తానని బరంపురంలోనే పీహెచ్‌డీలో చేరింది. గైడు ప్రొఫెసర్ మహాపాత్రో ఒడియా మనిషి, మాట తక్కువ. సరేనన్నాడు.

ఆమె చేరిన ఏడాదే కోవిడ్ రెండో విడత వచ్చింది, ఆమెకీ తగిలింది. జ్వరం వారంలో తగ్గింది. ముక్కు తిరిగి రాలేదు.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నాకు అనుమానమొచ్చింది ఎలాగంటే, ఓ మధ్యాహ్నం వంటింట్లో పప్పు మాడి పొగ హాల్లోకి వస్తుంటే, పొయ్యికి నాలుగడుగుల్లో కూర్చుని ఈ పిల్ల హాయిగా చదువుకుంటోంది. నేను ఊరుకునే రకం కాదు. మర్నాడు దోమల చక్రం వెలిగించి, బీరువా చాటున పెట్టి, "ఈ కొత్త అగరొత్తులు ఎలాగున్నాయే?" అని అడిగాను.

"మల్లెపూల వాసన. బాగుంది తాతా."

అంటూనే నా మొహం చూసింది. లేచి బీరువా వెనక్కి వెళ్ళి చూసింది.

"అమ్మకి సెప్పకు," అంది. "డాక్టర్ల సుట్టూ తిప్పుతాది. నేనెల్లొచ్చేను, వాసన తిరిగి రావొచ్చు రాకపోవచ్చని ఆళ్ళంటన్నారు. సార్‌కి అసలే తెలవకూడదు. వాసన తెలవని దానికి వాసన మీద పరిశోధనేటని టాపిక్ మార్చేస్తారు."

"మరెలాగే?"

"మిషనుంది గదా. దానికి ముక్కుతో పన్నేదు."

ఉంది కానీ, బరంపురంలో లేదు. భువనేశ్వర్‌లో ఒక పెద్ద ప్రయోగశాలలో ఉంది. వాసనల్ని విడదీసి కొలుస్తుంది, దాన్ని జీసీ యంత్రం అంటారు. దాని అద్దె మా పిల్ల ఫెలోషిప్పు మోయలేనిది. అయితే ఇలాంటి వాళ్ళ కోసమే ఒక చిన్న గ్రాంటు ఉందట. యంత్రాల్లేని చోట చదువుకుంటున్న పరిశోధకులు తమ ప్రశ్నేమిటో వివరిస్తే, నచ్చినవాళ్ళకి ఒక రోజు యంత్రం ఇస్తారు. డబ్బు చేతికివ్వరు, అద్దె వాళ్ళే సర్దుకుంటారు. మనం మన సరుకు పట్టుకెళ్ళాలి.

సత్యభామకి ఇది చప్పున అర్థమైంది. "పిండిమరకి బియ్యం పట్టుకెళ్ళినట్టే గదా. మరి మన కంటే ముందోలు మిరపకాయలు ఆడించి ఉంటేనో?"

"ముందుగా ఉత్తి మిషన్ని తిప్పి సూస్తారమ్మా. ఘాటేమైనా మిగిలుంటే తెలిసిపోతాది."

కమిటీ వాళ్ళు వీడియోలో మాట్లాడారు. మీ ప్రశ్న ఏమిటని ఒకాయన అడిగితే, "వాసన పువ్వులో ఉందా, జనం మాటల్లో ఉందా అని," అందిట దుర్గాభవాని. ఆయన నవ్వాడట. గ్రాంటు వచ్చింది. ఒక్క రోజు. ఫెలోషిప్పు గడువు కూడా ఆ సంవత్సరంతో సరి. ఆ రోజు చేతికి ఏదీ రాకపోతే, మొగలి మీద రాయాల్సిన ముఖ్యమైన అధ్యాయం ఉండదు. అది లేకపోతే చదువూ ఉండదు.

భట్టీ మేస్త్రీ నీలకంఠం ఛత్రపురం అవతల ఉంటాడు. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ తాతల నాడు వచ్చిన కుటుంబం, మాకు దూరపు బంధుత్వం కూడా కలుస్తుంది. తీరం పువ్వు, పురుషోత్తంపూర్ పువ్వు రెండూ ఒకే భట్టీలో, ఒకే మంట మీద వండితేనే న్యాయమని దుర్గాభవాని పట్టు. తెల్లవారకముందే అసిరయ్య తడి గోనెల్లో పువ్వు చుట్టి ఆటోలో తెచ్చాడు.

"బాబాయ్, బుడ్డిలో చందన నూనె ఎయ్యకూడదు," అని నీలకంఠానికి గట్టిగా చెప్పింది. "ఉత్తి నీళ్ళే. పువ్వులో ఏటుందో అదే రావాల."

"ఎయ్యనమ్మా. నువ్వు సదువుకున్నదానివి, నువ్వెలాగంటే అలాగే."

వెయ్యలేదు. నేను అక్కడే ఉన్నాను. కొత్త డేగిసా, కడిగిన గొట్టం. ముందు తీరం పువ్వు, తరవాత అసిరయ్య పువ్వు. వచ్చిన మొగలినీరు దుర్గాభవాని తెచ్చిన చిన్న గాజు సీసాల్లో పోసి, బిరడా బిగించి, మైనం పూసి ఇచ్చాడు నీలకంఠం. సీసాల్లో పోసే వేళకి మేం బయట టీ తాగుతున్నాం. ఆ భట్టీలో ఎటు తిరిగినా మొగలి వాసనే. గోడలకీ, టీ గ్లాసుకీ, నీలకంఠం గంజి పంచెకీ. అక్కడ ఎవరి ముక్కైనా పనికిరాదు.

భువనేశ్వర్ రైల్లో నేనూ వెళ్ళాను. సత్యభామ నన్ను తోడు పంపాననుకుంది కానీ, దుర్గాభవాని తీసుకెళ్ళింది నా ముక్కుని. పక్క సీటులో కూర్చుని ఒక్కో స్టేషనుకీ అడిగేది.

"ఇప్పుడేటి వాసన?"

"మినప వడలు. వేడివి."

"ఇప్పుడు?"

"చిలికా సరస్సు. ఉప్పు, బురద, ఎండు రొయ్యలు."

కాసేపటికి నాకు విసుగొచ్చింది. "ఇప్పుడు, ఇదిగో, చంద్రుడి వాసన. పచ్చి కొబ్బరిలా ఉంది," అన్నాను.

ఆమె కిటికీలోంచి మొహం తిప్పలేదు. "వాసన కాడ మాత్రం అబద్ధం ఆడకు తాతా. ఇంకేవైనా సెప్పుకో."

ఆ తరవాత భువనేశ్వర్ దాకా నేను నిజాలే చెప్పాను. ఒళ్ళంతా అలిసిపోయింది.

యంత్రాన్ని నడిపే కుర్రాడి పేరు శ్యామసుందర్. పర్లాకిమిడి వాడు, మన భాషే. నాకు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. చూస్తే యంత్రం పెళ్ళిలో ఇచ్చే ఫ్రిజ్జంత ఉంది. ఇందులో ఏముందని అడిగాను.

దుర్గాభవాని చెప్పింది. "లోపల వెంట్రుకంత సన్నపు గొట్టం ఉంటాది తాతా, సుట్టలు సుట్టి. సాగదీస్తే మన ఈది చివరిదాకా వస్తాది. వాసన అంటే ఒకటి కాదు, శానా కలుస్తాయి. అన్నిటినీ ఒకేసారి ఇటుపక్కనుంచి తోస్తారు. కొన్ని ఎక్స్‌ప్రెస్సుల్లాగ ఆగకుండా ఎల్లిపోతాయి. కొన్ని పాసింజర్లు, గోడకి అంటుకుంటా, ఆగుతా, నెమ్మదిగా వస్తాయి. అటుపక్క ఒక్కోటీ బయటికొచ్చినప్పుడల్లా కంప్యూటర్లో ఒక కొండ గీస్తాది. ఎక్కువుంటే పెద్ద కొండ."

"ఏ కొండ ఏ వాసనో ఎలాగ తెలుస్తుంది?"

"బయటికి రాగానే దాన్ని ముక్కలు చేసి సూస్తాది. ముక్కల్ని బట్టి పేరు సెప్తాది."

నాకు ఆ యంత్రం మీద అసూయ పుట్టింది. నేను ఇన్నేళ్ళుగా చేస్తున్న పని అదే కదా, ముక్కలు చేసి పేర్లు పెట్టడం.

శ్యామసుందర్ ముందుగా ఏ సరుకూ లేకుండా యంత్రాన్ని ఒకసారి నడిపాడు. గీత పడుకున్న పాములా చదునుగా వచ్చింది. సత్యభామ మిరపకాయల బెంగ తీరింది. తరవాత తీరం సీసా. అతను పక్కగదిలో గాజుతలుపు వెనకాల మైనం ఊడదీసి, చుక్క ఏదో ద్రవంలో కలిపి తెచ్చాడు. మేం కంప్యూటర్ ముందే కూర్చున్నాం. చాలాసేపు ఏమీ లేదు. తరవాత ఒక కొండ లేచింది, తెర పట్టనంత. మొగలికి ముఖ్యమైన వాసన అదేనని దుర్గాభవాని చెప్పింది. దాని వెనకాల చిన్నవి, ఇంకా చిన్నవి.

తరవాత పురుషోత్తంపూర్ సీసా.

అదే చోట, అదే కొండ, ఇంచుమించు అంతే ఎత్తు.

దుర్గాభవాని నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. "పెదనాన్న అన్నదే నిజం తాతా," అని గొణిగింది. వరండాలోకి వెళ్ళి అక్కడికక్కడే అసిరయ్యకి ఫోన్ చేసింది. అవతలి గొంతు నాకు గోడ ఇవతలికి వినిపించింది.

"నేన్సెప్పనేదేటి? సెప్పనేదేటి? ఆ నీలకంఠంగాడి మొహాన్నే సెప్తానుండు."

ఆమె తిరిగి వచ్చేసరికి శ్యామసుందర్ తెర మీద చివరి కొండల్ని పెద్దవి చేసి చూస్తున్నాడు. చివర్న, పాసింజర్లన్నీ వెళ్ళాక వచ్చే గూడ్సుబండిలా, బరువైన రెండు కొండలు. రెండు సీసాల్లోనూ ఉన్నాయి.

"మేడం, మీరు చందన నూనెలోకి దింపేరా?"

"నేదు. ఉత్తి నీళ్ళు."

"ఇది చందనమే గదా. రెండిట్లోనూ ఉంది." పేర్లు చూపించాడు.

"మీ మిషన్లో ముందోలది మిగిలిందేమో."

"ఉత్తిది నడిపేను గదా మేడం, మీ ముందే. సదునుగా ఉంది." అతను తటపటాయించాడు. తరవాత మర్యాదగానే అడిగాడు. "సీసా తియ్యగానే నాకు పక్కగదంతా చందనం వాసనే. మీరు కావాలనే కలిపేరనుకున్నాను. పోసినప్పుడు మీకు వాసన రానేదా?"

నేను నోరు తెరిచాను. నా దగ్గర అప్పటికే మూడు అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. మనవరాలికి జలుబు చేసిందన్నది అందులో అన్నిటికన్నా చిన్నది. కావాలనే కలిపామంటే కూడా అతను నమ్మేవాడు. కొండలు రెండూ సమానంగానే ఉన్నాయి కదా, అధ్యాయం రాసేసుకోవచ్చు.

దుర్గాభవాని నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"నాకు వాసన తెలవదండి," అంది శ్యామసుందర్‌తో. "కోవిడ్ కాడ్నుంచి తెలవదు. ఎవరికీ సెప్పనేదు. ఇందులో చందనం ఎలాగొచ్చిందో నాకు తెలవదు. అందుకని ఆ మొగలి కొండ కూడా పువ్వుదో కాదో నాకు తెలవదు."

శ్యామసుందర్ కుర్చీలోంచి లేచి, ఏం చెయ్యాలో తోచక మా ఇద్దరికీ నీళ్ళు తెచ్చాడు.

మర్నాడు ఆమె నేరుగా మహాపాత్రో గదికి వెళ్ళింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు సగం తెరిచే ఉంది, అది నా తప్పు కాదు. ఆమె మొత్తం ఒడియాలో చెప్పింది, ఎక్కడా ఆగకుండా.

"ఎప్పటినుంచి?"

"రెండేళ్ళు దాటింది సార్."

"నా విద్యార్థులందరూ 'సువాసన బాగుంది' అని రాస్తారు. నువ్వొక్కదానివే ఎప్పుడూ అలా రాయవు. నీకు శాస్త్రీయ దృష్టి ఉందని డిపార్ట్‌మెంట్లో అందరికీ చెప్పాను." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను నిన్ను మెచ్చుకున్నది దీనికా?"

"అవును సార్."

ఆయన నవ్వాడో దగ్గాడో నాకు తెలియలేదు. టాపిక్ మార్చమనలేదు. చూపులేనివాడు నక్షత్రాలు లెక్కపెట్టకూడదని ఎక్కడా లేదని, కానీ సీసా మూత మూసే చోట కన్నున్నవాడు ఒకడు పక్కన ఉండాలని మాత్రం అన్నాడు. ఇక మీదట ఏ సరుకు ఎక్కడ పోసినా, వాసన తెలిసిన మనిషి ఒకరు చూసి ఒప్పుకోవాలి. ఇంకోటి, గ్రాంటు వాళ్ళకి జరిగింది జరిగినట్టు ఆమే చెప్పుకోవాలి, తను సిఫారసు చెయ్యడు.

ఆమె చెప్పుకుంది. వాళ్ళ జవాబు కోసం చూస్తున్న రోజుల్లో నీలకంఠం దగ్గరికి వెళ్ళాం. వానాకాలం చివరికొచ్చింది, పువ్వు పలచబడుతోంది. డేగిసా కింద మంట ఎగదోస్తున్నాడు.

"బాబాయ్, సీసాలో ఏటేసేవు?"

"ఏటీ ఎయ్యనేదమ్మా. ఉత్తి నీళ్ళే పట్టేను, నీ తాత సాక్షి."

"పోసే ముందు సీసా ఏం చేసేవు?"

"కడిగేను."

"దేనితోటి?"

"దేనితోటేటి, అత్తరుతోటి. ఒక బొట్టేసి, అంతా తిప్పి, ఒంపేసేను." నీలకంఠానికి ప్రశ్నే అర్థం కాలేదు. "పచ్చిసీసాలో సరుకు పోస్తారేటమ్మా? కొత్త సీసా వాసన తాగేస్తాది. కొత్త కుండలో నువ్వు ఆ రోజే అన్నం వండేస్తావేటి? ముందు మా సొంత మొగలి అత్తరు తాగించి, దాని ఆకలి తీర్చి, అప్పుడు పోస్తాం. మా తాత కాడ్నుంచీ ఈ భట్టీలోంచి పచ్చిసీసా ఒక్కటీ బయటికెళ్ళనేదు."

"నాకో మాట సెప్పాల గదా."

"సెప్పడానికేటుంది? మూత తీస్తే తెలిసిపోతాది గదా."

దుర్గాభవాని తల దించుకుంది. నీలకంఠం మంట వదిలేసి ఆమె మొహం చూశాడు. గోనెలోంచి ఒక పువ్వు తీసి, రేకులు విప్పి, ఆమె ముక్కు కింద పెట్టాడు.

"ఇదేటి?"

"మొగలి. కళ్ళతోటి తెలుస్తంది."

"కళ్ళు మూసుకో."

మూసుకుంది. అతను పువ్వు తీసేసి, అరచేతికి చందన నూనె రాసి పెట్టాడు. తరవాత పొయ్యిలోంచి పొగలేస్తున్న కొరకంచు దూరంగా పట్టాడు. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. అతను నా వైపు తిరిగి, "ఎన్నాళ్ళనుంచి మావా?" అని కళ్ళతో అడిగి, కొరకంచు మెల్లిగా మంటలో పెట్టేశాడు.

"మరైతే ఈ పువ్వెనకాల ఎందుకు తిరుగుతున్నావమ్మా?"

"మీ అందరికీ తెలిసిందేటో నాకొక్కదానికీ తెలవడం నేదు బాబాయ్," అంది కళ్ళు తెరవకుండానే. "అదెలాగుంటాదో సూడాలనుంది. కొండలాగైనా పరవాలేదు."

నీలకంఠం గోనె మూతి బిగించాడు. "ఈసారి పచ్చిసీసాలోనే పోస్తాను," అన్నాడు. "ఇది నా భట్టీలోంచొచ్చిందని మాత్రం ఎవరికీ సెప్పకు. పరువు పోతాది."

ఇంతలో గ్రాంటు వాళ్ళ కబురొచ్చింది. ఎవరో ఒక పరిశోధకుడు తన రోజు వాడుకోలేకపోయాడట, కావాలంటే ఆ రోజు తీసుకోమన్నారు. ఆ సంవత్సరపు చివరి పువ్వుతో మళ్ళీ వండారు. సీసాల దగ్గర సత్యభామని కూర్చోబెట్టాం, ఎందుకంటే ఈలోగా కూతురి సంగతి ఆవిడకీ చెప్పక తప్పలేదు. ఆవిడ ఒక పూట ఏడ్చి, ఒక పూట నన్ను తిట్టి, ఆ తరవాత ఎక్కడ లేని దర్జాతో భట్టీకి వచ్చింది. ప్రతి ఖాళీ సీసానీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"ఏటీ నేదు. ఉత్తి గాజు వాసన."

"గాజుకి వాసనుంటాదేటమ్మా?"

"నీకేటి తెలుసు, నువ్వూరుకో."

నీలకంఠం మాత్రం పోసినంతసేపూ మొహం పక్కకి తిప్పుకునే ఉన్నాడు.

ఈసారి శ్యామసుందర్ సీసా తెరిచేటప్పుడు సత్యభామ గాజుతలుపు దగ్గరే నిలబడి, చందనం లేదని ధ్రువీకరించింది. తీరం సీసాకి కొండ లేచింది, మొదటిసారంత కాకపోయినా గట్టిదే. చివర్న గూడ్సుబండి రాలేదు. తరవాత పురుషోత్తంపూర్ సీసా. మేం నలుగురం తెర ముందు వంగి చూస్తున్నాం. కొండ రావాల్సిన చోటు దగ్గరికొచ్చింది. ఆ చోట గీత కొంచెం ఉబ్బింది, చీమల పుట్టలా. అంతే. మళ్ళీ చదునైపోయింది.

"అంటే భట్టీవాళ్ళదే నిజం," అన్నాను.

దుర్గాభవాని ఆ పుట్టని పెద్దది చేసి చూసింది, ఇంకా పెద్దది చేసి చూసింది. బెంగపడుతుందనుకున్నాను. ఆమె కుర్చీ అంచుకి జరిగి, చిన్నప్పుడు కాఫీ డబ్బాలోకి చూసినట్టు చూస్తోంది.

అసిరయ్యకి ఫోన్లో చెప్పనంది. మనిషికి ఎదురుగా చెప్పాలంది. ఆ ఆదివారం పురుషోత్తంపూర్ వెళ్ళాం. ఆయన అప్పటికే ఆ చుట్టుపక్కల టీకొట్లన్నిటిలో తన మొగలి భువనేశ్వర్‌లో ఫస్టు వచ్చిందని చాటించేశాడు. మమ్మల్ని గట్టు మీదకి తీసుకెళ్ళి, పొదలు చూపిస్తూ, వచ్చే ఏడాది ఇంకా ఎక్కడెక్కడ నాటబోతున్నాడో చెబుతున్నాడు. ఆమె ఆపింది. జరిగిందంతా చెప్పింది. సీసాలు, చందనం, తన ముక్కు, రెండో రోజు పుట్ట.

ఆయన మొదట ముక్కు సంగతి పట్టుకున్నాడు. పిల్ల తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు. తరవాత పువ్వు సంగతికొచ్చాడు.

"అయితే నా పువ్వుకి వాసన నేదంటావు."

"ఉంది పెదనాన్నా. కొంచెముంది. కొంచెమే ఎందుకుందో తెలవదు. నేను ముందు ఫోన్ చేసింది తప్పు. టీకొట్టుకి నేనొచ్చి సెప్తాను."

"నువ్వు రావద్దు. నేనే సెప్పుకుంటాను." పొద వైపు తిరిగాడు. "ఎందుకుంటాదంటావు కొంచెమే? ఉప్పుగాలి నేకనా?"

"అయ్యుండొచ్చు. ఇసకవ్వొచ్చు. నీ నీళ్ళవ్వొచ్చు. నీ మట్టి కావాల పెదనాన్నా, తీరం మట్టితో పోల్చి సూడాల."

"పువ్వు పట్టుకెళ్ళి వాసన నేదన్నావు. ఇప్పుడు మట్టి పట్టుకెళ్ళి ఏటంటావో."

అంటూనే గట్టు దిగి వెళ్ళి గునపం తెచ్చాడు. పొద మొదట్లో గడ్డి తొలగించి, ఒక పోటు వేసి ఆగాడు.

"పైపైన తియ్యనా, లోతుగా తియ్యనా?"

"రెండూనూ," అంది దుర్గాభవాని, సంచీ విప్పుతూ. "ఏరేరుగా."